ఆటల కంప్యూటరుకు ఏ భాగాలు? కొనేది ఎప్పుడు?

పలాస జీడిపప్పు రుచి చూడనివారు మీలో చాలా కొద్దిమందే వుంటారు. కాని ఆ పప్పు డబ్బాలోకి చేరేముందు ఎన్ని చేతులు మారుతుందో ఎప్పుడయినా చూశారా? శ్రీకాకుళం జిల్లాలోని పలాస–కాశీబుగ్గ జంట పట్టణాల్లో ఏ జీడి కార్ఖానాకు వెళ్లినా వరస దాదాపు ఇలాగే వుంటుంది. తోటలనుంచి వచ్చిన పిక్కలను ఎండబెడతారు. తరవాత ఆవిరిలో ఉడికిస్తారు. వెనకటి పద్ధతిలో అయితే కాలుస్తారు. చల్లారాక పెంకు కోసి పప్పు బయటికి తీస్తారు. ఆ పప్పును వేడిలో ఆరబెట్టి, పైనున్న పలచని పొట్టు ఒలుస్తారు. ఆఖరున గుండ్లు, బద్దలు, ముక్కలు వేరుచేసి డబ్బాలకెత్తుతారు.

ఇప్పుడొక లెక్క. ఒక కార్ఖానాలో ఆవిరి పొయ్యి గంటకు 10 బస్తాల పిక్కలు ఉడికించగలదనుకుందాం. కోతవారు 8 బస్తాలు కోయగలరు. పొట్టు తీసేవారు మాత్రం 4 బస్తాల పప్పు ఒలవగలరు. గంటకు ఎన్ని బస్తాల పప్పు తయారవుతుంది? నాలుగే గదా! యజమాని వెళ్లి 20 బస్తాలు ఉడికించగల కొత్త పొయ్యి కొనుక్కొచ్చాడు. ఇప్పుడు? ఇప్పుడూ నాలుగే. కాకపోతే, ఒలవవలసిన పప్పు పొట్టు గది ముందు గుట్టగా పేరుకుపోతుంది. డబ్బు పోయింది, పప్పు పెరగలేదు.

కంప్యూటరు అని పేరుపెట్టి జీడిపప్పు సంగతి చెబుతున్నారేమిటి అనుకుంటున్నారా? మీరు కొనబోయే కంప్యూటరు కూడా ఇలాంటి కార్ఖానాయే. కొత్త పొయ్యి తెచ్చిన యజమానిలాగే డబ్బు పోగొట్టుకునేవారు ఇందులోనూ చాలామంది వున్నారు. ఉద్దానం పల్లెలో ఒక ఇంట్లో పిల్లవాడికోసం డెబ్బయి వేల రూపాయలు తీశారంటే అది పిక్కలమ్మిన డబ్బు, కాయలమ్మిన డబ్బు. మళ్లీ అంత మొత్తం ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేం. కాబట్టి ఒకసారి కూర్చుని లెక్క వేసుకోవడం మంచిది.

సెకనుకు అరవై బొమ్మలు

సినిమాలో బొమ్మ నిజంగా కదలదు. సెకనుకు 24 నిశ్చల చిత్రాలు వరసగా చూపిస్తే మన కంటికి కదిలినట్లు కనిపిస్తుంది. కంప్యూటరు ఆటలో కూడా ఇదే కిటుకు. అయితే సినిమా బొమ్మలు ముందే తీసిపెట్టినవి. ఆటలో మీరు ఎటు తిరుగుతారో ముందుగా ఎవరికీ తెలియదు గనుక ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు గీయవలసిందే. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కొక్కదానికి దొరికే వ్యవధి 1000ని 60తో భాగిస్తే వచ్చేంత, అంటే 16.7 మిల్లీసెకన్లు. రెప్పపాటుకు ఇంతకంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది.

ఆ కొద్ది వ్యవధిలో రెండు పనులు జరగాలి. మొదటిది ప్రాసెసరు పని. బంతి ఎక్కడిదాకా వెళ్లింది, గోడకు తగిలిందా, అవతలి ఆటగాడు ఏం చేస్తున్నాడు అని అది లెక్కకట్టి, "ఈ వస్తువులను ఇక్కడిక్కడ గీయి" అని ఆజ్ఞలు తయారుచేస్తుంది. రెండోది గ్రాఫిక్స్ కార్డు పని. ఆ ఆజ్ఞలను తీసుకొని తెరమీద ప్రతి చుక్కకూ రంగు నిర్ణయిస్తుంది. మామూలు తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు వుంటాయి. హెచ్చిస్తే 20,73,600. సెకనుకు 60 బొమ్మలంటే 12 కోట్ల 44 లక్షల 16 వేల చుక్కలకు రంగులు వేయాలన్నమాట! 3840 × 2160 చుక్కల పెద్ద తెర కొంటే ఈ పని సరిగ్గా నాలుగింతలవుతుంది. "తెర పెద్దది కొందాం, కార్డు చిన్నది చాలు" అనేవారు ఈ హెచ్చవేత ఒకసారి చేసి చూడాలి.

గ్రాఫిక్స్ కార్డు ఈ బొమ్మను గీస్తుండగానే ప్రాసెసరు తరవాతి బొమ్మకు ఆజ్ఞలు తయారుచేస్తూ వుంటుంది. కార్ఖానాలో ఒకవైపు కోత, ఇంకోవైపు పొట్టు ఒకేసారి సాగినట్లే. ఒక ఆటలో బొమ్మకు ప్రాసెసరు 10 మిల్లీసెకన్లు, గ్రాఫిక్స్ కార్డు 25 మిల్లీసెకన్లు తీసుకుంటున్నాయనుకోండి. సెకనుకు వచ్చే బొమ్మలు 40. ఇప్పుడు రెండింతల వేగం గల ప్రాసెసరు తెచ్చి 10ని 5 చేశారు. వచ్చేవి మళ్లీ 40 బొమ్మలే. నిదానంగా నడిచే భాగమే మొత్తానికి వేగం నిర్ణయిస్తుంది.

మరి నిదానమైనది ఏదో ఎలా కనిపెట్టాలి? దీనికి చక్కని పరీక్ష ఒకటుంది. మీ స్నేహితుని దగ్గర పాత కంప్యూటరు వుంటే ఆటలోని అమరికల్లోకి వెళ్లి చుక్కల సంఖ్య తగ్గించి చూడండి. బొమ్మల సంఖ్య బాగా పెరిగితే ఇంతసేపూ బరువు మోస్తున్నది గ్రాఫిక్స్ కార్డు. ఏమీ పెరగకపోతే? చుక్కల పని తగ్గినా లాభం లేకపోయిందంటే ఆలస్యం ప్రాసెసరు దగ్గరున్నదన్నమాట.

మిగిలిన భాగాల సంగతి తొందరగా చెప్పుకోవచ్చు. మెమొరీ అంటే పనివాని ముందున్న బల్ల. బల్ల చిన్నదయితే మాటిమాటికీ గోదాముకు పరుగెత్తాలి. ఆటలకు 16 గిగాబైట్లు వుంటే నడుస్తుంది. ఒకే 16 పలక బదులు రెండు 8 పలకలు పెడితే దత్తాంశాలు రెండు దారుల్లో వస్తాయి, వేగం ఎక్కువ. గోదాము అంటే ఎస్‌ఎస్‌డి. అది మంచిదయితే ఆట త్వరగా తెరుచుకుంటుంది గాని, సెకనుకు బొమ్మలు పెద్దగా పెరగవు. ఇక పెట్టె నిండా మెరిసే రంగురంగుల దీపాలు. వాటివల్ల ఒక్క బొమ్మ కూడా పెరగదు.

ఆటలకోసమే కొనేటట్లయితే నూరు రూపాయల్లో 35నుంచి 40 గ్రాఫిక్స్ కార్డుకు పోవడం సబబు అని నా అభిప్రాయం. అయితే ఒక హెచ్చరిక. మీ చిక్కు అంతా ఇంటర్నెట్ ద్వారా ఇతరులతో ఆడే ఆటల్లో, మీరు మీట నొక్కిన కాసేపటికి గాని పని జరగకపోవడంలో వుంటే, ఏ కార్డు కొన్నా అది తీరదు. ఇలాంటి చాలా ఆటల సర్వర్లు ముంబైలో వున్నాయి. పలాసనుంచి ముంబై గాలిలో కొలిస్తే సుమారు 1,200 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్లి రావడానికి 2,400 కిలోమీటర్లు. కనీసం 12 మిల్లీసెకన్లు. తీగ తిన్నగా పోదు, నడుమ ఎన్నో మజిలీలు వుంటాయి గనుక నిజానికి ఇంకా చాలా ఎక్కువే. కాంతి వేగాన్ని పెంచే కార్డు ఏ కంపెనీ అమ్మదు.

గుండ్లు, బద్దలు, చిప్పులు

జీడిపప్పులో 180, 240, 320 అనే రకాల పేర్లు వినే వుంటారు. పౌను తూకానికి ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే అంకెలవి. అంకె చిన్నదయినకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. చెట్టు ఒకటే, బస్తా ఒకటే. వేరుచేసే బల్ల దగ్గర పేర్లు మారిపోతాయి.

చిప్పుల సంగతి కూడా అంతే అంటే నమ్ముతారా? పళ్లెమంత సిలికాన్ బిళ్లమీద ఒకేసారి ఎన్నో చిప్పులు అచ్చవుతాయి. అన్నీ ఒక్కలాగా రావు. కొన్నిటిలో అక్కడక్కడా లోపాలు వుంటాయి. లోపమున్న గదులను మూసివేసి, మిగిలినవి బాగా పనిచేస్తుంటే, ఆ చిప్పును తక్కువ ధరకు వేరే పేరుతో అమ్ముతారు. ఎన్విడియా కంపెనీ 2020లో విడుదల చేసిన ఆర్‌టిఎక్స్ 3070, ఆర్‌టిఎక్స్ 3060 టిఐ కార్డులు రెండింటిలోనూ వున్నది ఒకే నమూనా చిప్పు. దానిలో మొత్తం 6,144 లెక్కల గదులు. 3070లో 5,888 తెరిచి వుంచారు. 3060 టిఐలో 4,864. మరి బద్ద కొంటే నష్టమా? పాయసంలో వేసేందుకు గుండే కావాలని ఏముంది! మీ తెరకు, మీ ఆటకు చాలినంత వున్నదా లేదా అన్నదే చూడాలి.

పేరులోని అంకె చూసి మోసపోకూడదని చెప్పడానికి ఇంకో ఉదాహరణ. 2021లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 3060 కార్డు 170 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. 2023లో వచ్చిన 4060 దానికంటే కొంత వేగమైనది, అయినా 115 వాట్లతో సరిపెట్టుకుంటుంది. అలాగని కొత్తదే అన్ని విధాలా మేలా? పాతదానిలో 12 గిగాబైట్ల సొంత మెమొరీ వుంటే కొత్తదానిలో 8 మాత్రమే. ఎక్కువ మెమొరీ అడిగే ఆటల్లో ఇది అడ్డం వస్తుంది. ఇక్కడ "ఇదే మంచిది" అని ఒక్క మాటలో చెప్పేవాడు అమ్మకందారయినా అయివుండాలి, ఆలోచించనివాడయినా అయివుండాలి.

వాట్ల లెక్క

ఇప్పుడు మధ్యరకం యంత్రాన్ని ఒకదాన్ని తీసుకుని విద్యుత్తు లెక్క కడదాం. ప్రాసెసరు పూర్తి బరువు మీద 88 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు 145 వాట్లు. పలక, మెమొరీ, ఎస్‌ఎస్‌డి, ఫాన్లు అన్నీ కలిపి 57 వాట్లు అనుకుందాం. మొత్తం 290. కాని గోడలోని ప్లగ్గునుంచి 290 తీసుకుంటే చాలదు. పవర్ సప్లయి కొంత శక్తిని వేడి రూపంలో పోగొడుతుంది. దాని సామర్థ్యం 85 శాతమయితే గోడనుంచి 341 వాట్లు లాగుతుంది. తెరకు ఇంకో 29 కలిపితే 370.

రోజుకు 3 గంటలు, 30 రోజులు ఆడితే 33.3 యూనిట్లు. ఇది 75 వాట్ల సీలింగు ఫాను పద్దెనిమిదిన్నర రోజులు రాత్రీ పగలూ తిరిగితే అయ్యే ఖర్చు. కొనేటప్పుడు ఎవరూ చెప్పని ధర ఇది. నాన్నగారిని అడిగే ముందే ఈ లెక్క మీ దగ్గర వుండాలి.

పల్లెలో తీగ కొసన వున్న ఇళ్లలో, మోటార్లు నడిచే వేళ వోల్టేజి 230నుంచి బాగా కిందికి దిగుతుంది. బల్బు మసకబారుతుంది. కంప్యూటరుకు మాత్రం దీనివల్ల అంత బెంగలేదు. మంచి పవర్ సప్లయిలు 100నుంచి 240 వోల్టుల దాకా దేనితోనయినా పనిచేస్తాయి. వోల్టేజి తగ్గితే ఆ మేరకు కరెంటు ఎక్కువ లాగుతాయి: 230 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియర్లు, 170 దగ్గర 2 ఆంపియర్లు. అయితే కొన్ని చవక రకాలమీద 200–240 అని మాత్రమే రాసి వుంటుంది. పెట్టెమీది చీటీ చదవకుండా కొనకండి. కాబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చే పవర్ సప్లయిని నమ్మి దానికి వేల రూపాయల కార్డు తగిలించడం తాటాకు పందిట్లో వెండి గంగాళాలు దాచినట్లు. మన 290 వాట్ల యంత్రానికి 550 వాట్లది వుంటే, క్షణకాలం వచ్చే పోట్లను తట్టుకుంటుంది, రేపు పెద్ద కార్డు పెట్టుకోవడానికీ వీలుంటుంది.

అసలు ప్రమాదం కరెంటు పోవడంలోనూ, తిరిగి వచ్చేటప్పుడు విసిరే పోటులోనూ, పిడుగుల్లోనూ వుంది. అందుకే యుపిఎస్ కావాలి. ఇక్కడా ఒక మెలిక. దుకాణంలో "600 విఎ" అని చెబుతారు. దాన్ని 600 వాట్లు అనుకుంటాం. ఆ రకంలో చాలావాటి మీద చిన్న అక్షరాలతో 360 వాట్లు అని వుంటుంది. మనకు కావలసింది 370! ఆట మంచి పట్టుమీద వున్నప్పుడే కరెంటు పోతుంది, యుపిఎస్ బరువు మోయలేక ఆగిపోతుంది. ఆటల యంత్రానికి 1000 విఎ రకం చూడాలి. అది కూడా గంటలకొద్దీ ఆడుకోవడానికి కాదు, అయిదు నిమిషాల్లో నిమ్మళంగా ఆపుకోవడానికి.

కంప్యూటరు పెట్టెను చేత్తో తాకితే జివ్వుమన్న అనుభవం మీలో కొందరికి వుండే వుంటుంది. పవర్ సప్లయిలోని వడపోత కెపాసిటర్ల గుండా అతి స్వల్పమైన కరెంటు పెట్టెకు చేరుతుంది. మూడో పిన్ను, అంటే ఎర్తు, సరిగా వుంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే మీ వేలిగుండా పోతుంది! తీరం వెంబడి ఇసుక నేలలు త్వరగా ఎండిపోతాయి. ఎండిన ఇసుక విద్యుత్తును బాగా పోనివ్వదు. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి అప్పుడప్పుడు నీళ్లు పోయడం అందుకే. ఈ పని ఎలక్ట్రీషియన్‌తో చేయించాలి, మీరు చేయకూడదు.

ఫాను చల్లదనం ఎవరికి?

కంప్యూటరు తీసుకున్న 370 వాట్లూ చివరికి ఏమవుతాయి? అన్నీ వేడిగా మారి మీ గదిలోనే వుండిపోతాయి. ఊరికే కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడి వదులుతుంది. అంటే మీ చిన్న గదిలో మీతోపాటు కనపడని మనుషులు దాదాపు నలుగురు కూర్చుని వున్నట్లు.

ఫాను వుంది గదా అంటారేమో. ఆలోచించండి: ఫాను కింద మనకు ఎందుకు చల్లగా వుంటుంది? చెమట ఆవిరవుతుంది గనుక. ఫాను గాలిని కదిలిస్తుందే గాని చల్లబరచదు. గదిలో వేలాడుతున్న థర్మామీటరుమీద ఫాను తిప్పినా పాదరసం దిగదు. చిప్పుకు చెమట పట్టదు. కాబట్టి ఎన్ని ఫాన్లు పెట్టినా చిప్పు గది గాలికంటే చల్లబడలేదు; గది ఉష్ణోగ్రతకు మించి ఎన్ని డిగ్రీలు అన్నదే ఫాన్ల చేతిలో వుంటుంది. ఒక యంత్రంలో ఆ తేడా 45 డిగ్రీలు అనుకోండి. కార్డులను పరీక్షించి రాసేవారి గదుల్లో ఏసీ వుంటుంది, 24 డిగ్రీలు. అక్కడ చిప్పు 69 దగ్గర నిలుస్తుంది. ఉద్దానంలో మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద 38 డిగ్రీలున్న గదిలో అదే చిప్పు 83కు చేరుతుంది. చాలా చిప్పులు 90–100 డిగ్రీల మధ్యకు రాగానే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. కాబట్టి పరీక్షల్లో చెప్పిన వేగం మీ ఇంట్లో రావాలంటే ముందువైపు జల్లెడలా గాలి పోయే కాబినెట్ కొనాలి. ముందువైపు గాజు పలక చూడటానికి ముచ్చటగానే వుంటుంది, గాలికి మాత్రం తలుపు వేసినట్లే.

నౌపడ ఉప్పు చెప్పే పాఠం

టెక్కలి దగ్గర నౌపడలో ఉప్పు మడులున్నాయి. ఉప్పు ఇంట్లో ఏ డబ్బాలో పోసినా వానాకాలంలో చెమ్మగిల్లడం మీరు చూసిందే. ఎందుకు? గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకొని తానే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా కొంత వుంటుంది. అది 33 శాతం తేమకే నీరు పీలుస్తుంది. కడగని కల్లుప్పు ముందుగా తడవడానికి ఇదే కారణం. రెండు సాసర్లలో శుద్ధిచేసిన ఉప్పు ఒకదాంట్లో, కల్లుప్పు ఇంకోదాంట్లో వుంచి ముసురు పట్టిన రోజున గంటగంటకూ చూడండి.

సముద్రపు గాలి అతి సన్నని ఉప్పు కణాలను మోసుకొస్తుంది. ఫాన్లు ఆ గాలిని లాగి పెట్టెలోకి పంపుతాయి. పలకమీది రాగి దారుల నడుమ ఉప్పు రేణువు ఒకటి కూర్చుందనుకోండి. పొడిగా వున్నంతకాలం దానివల్ల కీడు లేదు. గాలి చెమ్మబారిందా, అది ఉప్పునీటి బొట్టవుతుంది. ఉప్పునీరు విద్యుత్తును పోనిస్తుంది. రాగి కరిగి పచ్చని చిలుము పడుతుంది.

ఇక్కడ మీరు ఊహించని విషయం ఒకటుంది. తేమకు భయపడి వానాకాలమంతా కంప్యూటరును మూలన పెట్టి గుడ్డ కప్పుతారు కొందరు. అది తిరగబడిన జాగ్రత్త. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ వున్న గాలిని నీరు చేర్చకుండా 40 డిగ్రీలకు వేడిచేస్తే దాని సాపేక్ష తేమ సుమారు 46 శాతానికి దిగుతుంది. వేడిగాలి ఎక్కువ నీటిని మోయగలదు గనుక. నడుస్తున్న కంప్యూటరు పెట్టెలోపల జరిగేది ఇదే. రోజూ కాసేపు నడిచే యంత్రంలో ఉప్పు చాలావరకు పొడిగా వుంటుంది. నెలలకొద్దీ ఆపి వుంచినదానిలో చెమ్మగిల్లుతుంది. పిడుగుల వేళ మాత్రం ప్లగ్గు తీసివేయవలసిందే. సముద్రంవైపు కిటికీ పక్కన పెట్టకండి. గాలి వచ్చే చోట జల్లెడ వుంచి నెలకోసారి దులపండి. పాత కార్డు ఎవరయినా చవకగా ఇస్తామంటే మొదట దాని లోహపు అంచులమీద పచ్చని, తెల్లని మరకలున్నాయేమో చూడండి.

మూడు గడియారాలు

ఇక ఎప్పుడు కొనాలి? మూడు గడియారాలు చూడాలి, మూడూ మూడు రకాలుగా నడుస్తాయి.

మొదటిది చిప్పుల గడియారం. చిప్పుమీద పట్టే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతోందని గోర్డన్ మూర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1965లో రాశాడు. 1975లో దానిని రెండేళ్లకొకసారి అని సవరించాడు. 1971నాటి ఇంటెల్ 4004 చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లుంటే, 2022లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 4090 చిప్పులో 7,630 కోట్లున్నాయి. అందుకే "ఆగితే చవకవుతుంది" అనే మాట పుట్టింది. చాలాసార్లు నిజమే. కాని కొబ్బరికాయ నేలమీద పడినట్లు ధర పడితీరాలని ప్రకృతి నియమమేదీ లేదు. 2011లో థాయిలాండ్‌లో వరదలు వచ్చి కార్ఖానాలు మునిగితే ప్రపంచమంతటా హార్డ్ డిస్కుల ధర పెరిగింది. 2020–22 మధ్య కోవిడ్‌వల్ల చిప్పుల కొరత. దానికి తోడు ఈథర్ అనే డిజిటల్ నాణేన్ని సంపాదించడానికి గ్రాఫిక్స్ కార్డులను గుత్తగా కొనేశారు. ఆ నాణెం పద్ధతి 2022 సెప్టెంబరు 15న మారిపోగానే వాడిన కార్డులు కుప్పలుగా బజారుకు వచ్చాయి. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాలకోసం మెమొరీ చిప్పులను ఎగబడి కొనడంతో మెమొరీ పలకల ధరలు రెట్టింపు దాటాయి. వీటిలో దేనినీ పలాసలో కూర్చుని ముందుగా చెప్పలేం. కాబట్టి ధర పడుతుందని ఏడాదిపాటు కాచుకోవడం నాకు సమ్మతం కాదు. కొత్త తరం కార్డులు వస్తున్నాయని ప్రకటన వెలువడితే మాత్రం ఒకటి రెండు నెలలు ఆగవచ్చు.

రెండోది చెట్ల గడియారం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. తరవాత నాటిన పొడుగురకం కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. అదే కాలంలో గ్రాఫిక్స్ కార్డులు ఎన్ని తరాలు మారాయో చూడండి: తుఫానునాటికి 20 వరస అప్పుడే వచ్చింది, 2020లో 30 వరస, 2022లో 40, 2025 జనవరిలో 50. ఒక మొక్క కాయ కాసేలోపు మూడు తరాలు! డబ్బు చెట్టు వేగంతో వస్తుంది, వస్తువు చిప్పు వేగంతో పాతబడుతుంది. అప్పుచేసి కొంటే, వాయిదాలు తీరేలోపే కొన్నది పాతదవుతుంది.

దీనికి నాకు తోచిన ఉపాయం రెండు విడతల్లో కొనడం. జీడి పంట డబ్బు వేసవిలో చేతికొస్తుంది. మొదటి వేసవిలో లోపలే మంచి గ్రాఫిక్స్ వున్న ప్రాసెసరు తీసుకోండి. 2024లో వచ్చిన ఎఎమ్‌డి రైజెన్ 5 8600జి అలాంటిది. దానితో విడి కార్డు లేకుండానే చాలా ఆటలు తక్కువ అమరికల్లో ఆడవచ్చు, చదువు పనులన్నీ చేసుకోవచ్చు. ఇలాంటి ప్రాసెసర్లు ప్రధాన మెమొరీనే బొమ్మలకు కూడా వాడుకుంటాయి గనుక రెండు పలకల సలహా ఇక్కడ మరీ ముఖ్యం. పవర్ సప్లయి, కాబినెట్, యుపిఎస్ మాత్రం మొదటే పూర్తి స్థాయివి కొనాలి. అవి కార్డుల్లాగా రెండేళ్లకు పాతబడవు. మరుసటి ఏడు పంట బాగుంటే అప్పటి ధరకు అప్పటి కార్డు. పంట బాగాలేకపోతే? మీ కంప్యూటరు ఎలాగూ నడుస్తూనే వుంటుంది. ఈ పద్ధతిలో ఒక లోటుంది. అదే తరగతిలోని మామూలు ప్రాసెసరుతో పోలిస్తే దీనిలో కాష్ మెమొరీ సగమే, కాబట్టి రేపు కార్డు పెట్టాక కొన్ని ఆటల్లో కొద్దిగా వెనకబడుతుంది. ఆ కొద్ది నష్టం, చేతిలో లేని డబ్బుకు వడ్డీ కట్టడంకంటే మేలే.

మూడోది సముద్రపు గడియారం. ఈ మూడు తేదీలు వరసగా చదవండి: పైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. ఆన్‌లైన్ దుకాణాల దసరా, దీపావళి తగ్గింపు అమ్మకాలు సరిగ్గా ఈ రోజుల్లోనే! తగ్గింపు నిజమే కావచ్చు. కాని సరుకు వాన రోజుల్లో ప్రయాణం చేస్తుంది. తిరిగి పంపడానికి ఇచ్చే గడువు చాలావాటికి ఏడు లేక పది రోజులు. ఆ పది రోజులూ ఊళ్లో కరెంటు లేకపోతే భాగం బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? తిత్లీ తరవాత ఎన్నో పల్లెలు చాలా రోజులు చీకట్లో వున్నాయి. అందుచేత అక్టోబరులో కొనదలచినవారు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుని కొనాలి, లేదా రైలెక్కి విశాఖ వెళ్లి దుకాణంలోనే బిగించి, నడిపించి చూసి తెచ్చుకోవాలి.

ఎప్పుడు కొన్నా, వచ్చిన మొదటి వారంలోనే ఒక బరువైన ఆటను రెండు గంటలు నడిపించి చిప్పు ఉష్ణోగ్రత రాసిపెట్టుకోండి. గది ఉష్ణోగ్రత కూడా పక్కనే రాయండి. ఆరునెలల తరవాత మళ్లీ కొలవండి. రెండింటి మధ్య తేడా పెరిగివుంటే దుమ్ము పట్టిందని అర్థం. బిల్లు, అట్టపెట్టె పారేయవద్దు. వారంటీకి అవి కావాలి.

ఇప్పుడు మీకొక లెక్క. టెక్కలిలో ఒక కుర్రవాడి కంప్యూటరు 1920 × 1080 చుక్కల దగ్గర సెకనుకు 42 బొమ్మలు చూపుతున్నది. చుక్కలు 1280 × 720కి తగ్గించి చూస్తే 43 వచ్చాయి. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనుక్కోమని స్నేహితులు చెబుతున్నారు. మీరేమంటారు?